పక్కవాళ్లతో మాట్లాడండి!

నల్లబల్ల మీద ఎడమవైపు మూల... గుర్తుందా?

టీచరు క్లాసులో లేనప్పుడు లీడరు సుద్దముక్క పట్టుకుని అక్కడ కాపలా కాసేవాడు. పైన ‘మాట్లాడినవారు’ అని హెడ్డింగు. కింద పేర్లు. ఒకసారి దొరికితే ఉత్త పేరు. మళ్లీ దొరికితే పేరు పక్కన ఓ ఇంటూ. మూడు ఇంటూలు పడ్డాయంటే అరచెయ్యి వాచినట్టే. ఆ జాబితాలోకి ఒక్కసారైనా ఎక్కనివాళ్లు మనలో ఎంతమంది ఉంటారు?

నేనైతే ఎక్కాను. ఆరో తరగతిలో. నేరం... భిన్నాలు!

1/3 పెద్దదా, 1/4 పెద్దదా? నాకు ఎంతకీ బుర్రకెక్కలేదు. మూడుకన్నా నాలుగు పెద్దది కదా! మాస్టారు రెండుసార్లు చెప్పారు. ‘అర్థమైందా?’ అన్నారు. ‘అర్థమైంది సార్’ అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. గుంపులో గోవిందా అని నేనూ అరిచాను. ఆయన ఏదో పనిమీద ఆఫీసు రూములోకి వెళ్లగానే, నా పక్కన కూర్చునే అమ్మాయి చెవి దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగింది.

‘ఒకటే రొట్టె ఉందనుకో. ముగ్గురం తింటే నీకు ఎక్కువొస్తుందా, నలుగురం తింటే ఎక్కువొస్తుందా?’

అంతే. అయిపోయింది. ఇక ఈ జన్మలో మరిచిపోను. వాళ్లింట్లో నలుగురు పిల్లలు. ఆ లెక్క ఆమెకు రోజూ కంచం దగ్గర తెలిసేదే.

లీడరు తన డ్యూటీ తను చేశాడు. మాస్టారు వచ్చేసరికి నల్లబల్ల మూలన మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. గంట కొట్టేదాకా బెంచీ ఎక్కి నిలబడ్డాం. ఏం మాట్లాడుకున్నామని ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయి క్లాసులో ఎప్పుడూ చెయ్యెత్తేది కాదు. ఆ రోజు నుంచి నా చెవిలో చెప్పడం కూడా మానేసింది.

పాతికేళ్ల తర్వాత ఆ సంగతి ఇప్పుడెందుకంటే... మొన్న ఓ క్లాసులో కూర్చుని చూశాను. అక్కడ పిల్లలతో టీచరే చెబుతున్నారు, ‘పక్కవాళ్లతో మాట్లాడండి’ అని.

చింతగింజ ప్రశ్న

ఆ టీచరు మా వదినే. జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు చెబుతుంది. ఏడో తరగతి, నలభైమంది పిల్లలు. నన్ను చివరి బెంచీలో కూర్చోబెట్టి, చీర కొంగుకు కట్టుకొచ్చిన ఓ చింతగింజ తీసి అందరికీ చూపించింది.

‘దీన్ని నాటితే ఏమవుతుంది?’

‘చింతచెట్టూ...’

‘ఆ చెట్టు కొట్టి తూకం వేస్తే టన్నుల బరువుంటుంది. గింజ చూస్తే ఇంతే. మరి అంత బరువు ఎక్కడి నుంచి వచ్చింది?’

ముందు బెంచీల్లో టకటకా మూడు చేతులు లేచాయి. ఏ క్లాసులోనైనా ఆ మూడు చేతులే కదా! మిగతా ముప్ఫయ్యేడు మందీ బెల్లం కొట్టిన రాళ్లలా కూర్చున్నారు. వాళ్లకు తెలుసు, ఇది తమ పని కాదని. ఆ ముగ్గురూ చూసుకుంటారని.

వదిన ఆ చేతులు దించేయమంది. ‘ఎవరూ చెప్పొద్దు. నోట్సులో ఒక్క వాక్యం రాయండి’ అంది. నిమిషం పాటు క్లాసులో పెన్నుల చప్పుడే. ఆ తర్వాత ‘ఇప్పుడు పక్కవాళ్ల వైపు తిరగండి. గోడవైపు కూర్చున్నవాళ్లు ముందు చెప్పాలి. కిటికీవైపు వాళ్లు ఎందుకు అని అడగాలి. రెండు నిమిషాలు’ అంది.

ఇక చూడాలి! తేనెపట్టు కదిపినట్టయింది. నా ముందు బెంచీలో ఇద్దరు కుర్రాళ్లు. గోడవైపు వాడు ధీమాగా అన్నాడు, ‘ఏముంది, మట్టిలోంచే వస్తుంది’. కిటికీవైపు వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వినీ వినిపించకుండా అడిగాడు.

‘అయితే చెట్టు చుట్టూ గొయ్యి పడాలి కదరా?’

నాకు ఒళ్లు ఝల్లుమంది. ఆ గొయ్యి సంగతి చివర్లో చెబుతాను.

రెండు నిమిషాల లెక్క

చిన్న కూడిక చేద్దాం. పీరియడు 45 నిమిషాలు. పిల్లలు నలభైమంది. తలా ఒక్క నిమిషం మాట్లాడించినా 40 నిమిషాలు అయిపోతాయి. పాఠం చెప్పడానికి మిగిలేది ఐదు నిమిషాలు. అందుకే ఏ టీచరూ ఆ పని చెయ్యరు. చెయ్యలేరు. అడగ్గానే చెప్పే ఇద్దరు ముగ్గురితో పని కానిచ్చేస్తారు.

అదే పిల్లల్ని ఇద్దరిద్దరుగా తిప్పి కూర్చోబెడితే? ఒకేసారి ఇరవై గొంతులు లేస్తాయి. రెండు నిమిషాల్లో నలభైమందీ తలా ఓ నిమిషం మాట్లాడేసినట్టే. ఏడాది మొత్తంలో క్లాసులో నోరు విప్పని పిల్లాడికి కూడా రోజుకో నిమిషం దక్కుతుంది.

ఈ పద్ధతికి ఓ పేరుంది. అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఫ్రాంక్ లైమన్ 1981లో దీన్ని ‘థింక్-పెయిర్-షేర్’ అన్నారు. ముందు ఒంటరిగా ఆలోచించాలి. తర్వాత జతగాడితో చెప్పుకోవాలి. ఆఖరున అందరితో పంచుకోవాలి. మూడు మెట్లు. చూడ్డానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ మొదటి మెట్టు దగ్గరే చాలామంది జారిపోతారు.

ఎందుకంటే మనకు ఆగడం రాదు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో క్లాసుల్లో మాటలు రికార్డు చేసి గడియారం పెట్టి లెక్కగట్టారు. ప్రశ్న అడిగాక టీచర్లు జవాబు కోసం సగటున ఆగేది ఎంతసేపో తెలుసా? సుమారు ఒక్క సెకను! ఆ సెకను దాటితే ఇంకొకర్ని లేపుతారు. లేదంటే తామే చెప్పేస్తారు. మూడు సెకన్లు ఆగమని టీచర్లకు నేర్పితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి. ‘తెలీదు’లు తగ్గాయి. ఎప్పుడూ మాట్లాడనివాళ్లు మాట్లాడారు. పిల్లలే ఎదురు ప్రశ్నలు వేయడం మొదలైంది. మూడే మూడు సెకన్లు!

మా వదిన రాయించిన ఆ ‘ఒక్క వాక్యం’ మతలబు అదే. ముందు తనకంటూ ఓ అభిప్రాయం ఏర్పడాలి. అది లేకుండా జతల్లో కూర్చోబెడితే, గట్టిగా మాట్లాడేవాడు చెప్పిందే ఇద్దరి జవాబూ అయిపోతుంది.

హార్వర్డ్‌లోనూ ఇదే గొడవ

ఇదంతా చిన్నపిల్లల వ్యవహారమే అనుకుంటే పొరపాటు. ఎరిక్ మజూర్ అనే భౌతికశాస్త్ర ప్రొఫెసరు 1984 నుంచి హార్వర్డ్‌లో పాఠాలు చెబుతున్నారు. బాగా చెబుతారని పేరు. పరీక్షల్లో పిల్లలకు మార్కులూ బాగానే వచ్చేవి. 1990 ప్రాంతంలో ఆయనకు ఓ అనుమానం వచ్చింది. న్యూటన్ సూత్రాల మీద లెక్కలేవీ లేకుండా, మామూలు మాటల్లో చిన్న చిన్న ప్రశ్నలతో ఓ పరీక్ష పెట్టారు. బరువైన లారీ, తేలికైన కారు గుద్దుకుంటే ఏది దేన్ని ఎక్కువ బలంతో నెడుతుంది... ఇలాంటివి. (రెండూ ఒకదాన్నొకటి సమాన బలంతోనే నెడతాయి.) పేపరు చూసిన ఓ విద్యార్థిని లేచి, మీరు నేర్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని అడిగిందట! పెద్ద పెద్ద లెక్కలు చేసే పిల్లలు ఆ చిన్న ప్రశ్నల దగ్గర బోర్లాపడ్డారు.

మజూర్ ఓ ప్రశ్న తీసుకుని బోర్డు మీద వివరించారు. ఎవరి మొహంలోనూ వెలుగు లేదు. ఇంకో రకంగా చెప్పారు. లాభంలేదు. ఇక ఏం చెయ్యాలో తోచక ‘మీలో మీరు మాట్లాడుకోండి’ అనేశారు. క్లాసంతా గోల. కొద్ది నిమిషాల్లోనే చాలామంది సరైన జవాబు దగ్గరికి చేరుకున్నారు. ప్రొఫెసరు వల్ల కానిది పక్కవాడి వల్ల అయింది!

ఎందుకిలా? మజూర్ చెప్పే కారణం ఆలోచించాల్సిందే. ఆయన ఆ విషయం ఎప్పుడో నేర్చుకున్నారు. నేర్చుకునేటప్పుడు తను ఎక్కడ తడబడ్డారో ఆయనకు గుర్తులేదు. నిన్నగాక మొన్న నేర్చుకున్న కుర్రాడికి ఆ గుంట ఎక్కడుందో ఇంకా తెలుసు. కాబట్టి చెయ్యి పట్టుకుని దాటించగలడు. నా పక్కనున్న అమ్మాయి రొట్టెతో చేసింది అచ్చంగా అదే.

1991 నుంచి మజూర్ ఈ పద్ధతిలోనే క్లాసులు నడిపారు. ప్రశ్న వేస్తారు. ఎవరికివారు జవాబు ఎంచుకోవాలి. 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెబితే పక్కవాళ్లతో చర్చించి మళ్లీ జవాబు చెప్పాలి. అంతకంటే తక్కువైతే ఆయనే మళ్లీ పాఠం చెబుతారు. ఎక్కువైతే ముందుకెళతారు. అంటే చర్చ ఎప్పుడు పెట్టాలన్నదానికీ ఓ లెక్క ఉంది. అందరికీ తెలిసినదాని మీద, ఎవరికీ తెలియనిదాని మీద చర్చ పెట్టి ప్రయోజనం తక్కువ.

‘తెలియనివాడికి తెలియనివాడు చెబితే ఏమొస్తుంది? ఇద్దరూ కలిసి తప్పే నేర్చుకుంటారు కదా’ అని మీరు అనొచ్చు. నేనూ అదే అన్నాను. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంవాళ్లు జన్యుశాస్త్రం క్లాసులో ఈ సంగతే పరీక్షించి 2009లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. చర్చ తర్వాత అలాంటిదే ఇంకో ప్రశ్న ఇచ్చి, ఈసారి ఎవరికివారే జవాబు చెప్పమన్నారు. మొదట్లో జట్టులో ఒక్కరికీ సరైన జవాబు తెలియని చోట కూడా, చర్చ తర్వాత పిల్లలు మెరుగయ్యారు. ఎందుకు అని అడుగుతూ, జవాబు చెబుతూ తప్పును వాళ్లే పట్టుకుంటున్నారన్నమాట.

మన బళ్లారిలో...

ఇదంతా అమెరికా సరుకని కొట్టిపారేయక్కర్లేదు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి.క్యాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి అక్కడి వీధిబడుల మీద నివేదిక పంపారు. తెలుగు, కన్నడం రెండూ వినిపించే జిల్లా అది. క్యాంప్‌బెల్ కూడా తెలుగు వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషే. ఆ బడుల్లో ఆయనకు లోపాలు చాలానే కనిపించాయి. కానీ ఒక విషయాన్ని మనసారా మెచ్చుకున్నారు. పై పిల్లలు కింది పిల్లలకు చెబుతారు, అలా చెబుతూ తమ చదువును గట్టిచేసుకుంటారని. ఇంగ్లండు దీన్ని అనుకరించిందంటే అనుకరించదగ్గదే అనీ రాశారు.

ఆ అనుకరణ కథ వేరే ఉంది. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతాచార్యుడు 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమ బడి బాధ్యత తీసుకున్నారు. స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, తన బడిలోనూ అలాగే చెప్పించాలనుకున్నారు. పెద్ద టీచర్లు కుదరదన్నారు. ఎనిమిదేళ్ల కుర్రాడికి అప్పగిస్తే చక్కగా చేసి చూపించాడు. 1797లో బెల్ దాన్ని పుస్తకంగా అచ్చేయిస్తే ‘మద్రాసు పద్ధతి’ పేరుతో ఇంగ్లండు బడుల్లోకి పాకింది. అయితే అక్కడ జరిగింది చర్చ కాదు, వల్లె వేయించడమే. పిల్లాడు పిల్లాడికి చెప్పగలడన్న సంగతి మాత్రం మన ఇసుకలోంచే వెళ్లింది.

ఆ తర్వాత కూడా ప్రయత్నాలు జరగలేదని కాదు. 1984లో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు సూత్రాలు పెట్టుకుంది. పిల్లలు ఒంటరిగా, జట్టుగా, క్లాసు మొత్తంగా పనిచేయాలన్నది అందులో ఒకటి. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు పల్లెబడుల కోసం తయారుచేసిన పద్ధతిలో పిల్లలు ఒకరి సాయంతో ఒకరు నేర్చుకునే జట్టుకు ప్రత్యేకంగా చోటుంది. తోటిపిల్లలు పాఠాలు చెప్పడాన్ని 2020 జాతీయ విద్యావిధానం కూడా ప్రస్తావించింది. కాగితం మీద లోటేం లేదు.

చేపల మార్కెట్టు భయం

మరి క్లాసుల్లో ఎందుకు కనిపించదు? బయటకొచ్చాక వదినని అడిగాను. నవ్వింది.

‘మొదటిసారి చేసినప్పుడు పక్క క్లాసు సారు తలుపు దగ్గరికొచ్చి ఇది క్లాసా, చేపల మార్కెట్టా అన్నారు. హెడ్‌మాస్టరుగారు సిలబస్ అవుతోందా అమ్మా అన్నారు. వాళ్ల తప్పేం లేదు. నిశ్శబ్దంగా ఉంటే చదువు జరుగుతున్నట్టని మనందరికీ అలవాటైపోయింది.’

గోల ఒక్కటే కాదు. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్నది మన ఊళ్లలో చిన్న విషయం కాదు. వాళ్ల పక్కన కూర్చోవద్దని ఇళ్లలో చెప్పి పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పిల్లల ఇష్టానికి వదిలేస్తే అవే జతలు, అవే గోడలు. అందుకని వదిన హాజరుపట్టీ ముందేసుకుని మొదటి నంబరుకు ఆఖరి నంబరును జత కలిపింది. ఆడపిల్లలు, మగపిల్లలు మొదట్లో సిగ్గుపడి మొహాలు తిప్పుకుంటే విడివిడిగానే ఉంచింది. నెలకోసారి జతలు మార్చింది. లెక్కకు ఒకరు మిగిలితే ముగ్గుర్ని కలిపింది. బలవంతం ఎక్కడా లేదు. నంబర్లతో ఎవరూ గొడవపడరు కదా!

భాష ఇంకో గోడ. ఇంగ్లిషు మీడియంలోకి మారాక వీళ్ల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు. ప్రశ్న ఇంగ్లిషులో అడిగితే విషయం తెలిసిన పిల్లలు కూడా మూగనోము పడతారు. ‘జతలో ఏ భాషైనా సరే మాట్లాడుకోండి. నాకు చెప్పేటప్పుడు ఇంగ్లిషులో ప్రయత్నించండి. రాకపోతే తెలుగులోనే చెప్పండి’... ఇదీ ఆమె పెట్టిన రూలు. మాట పక్కవాడి దగ్గర ఓసారి పలికి చూసుకున్నాక నలుగురిలో పలకడం తేలికట.

‘మరి ఆ రెండు నిమిషాలూ సినిమా కబుర్లు చెప్పుకోరా వదినా?’ అన్నాను.

‘ఎందుకు చెప్పుకోరు? ఐదు నిమిషాలిస్తే చెప్పుకుంటారు. రెండే ఇస్తే టైం చాలదు. పైగా నేను నీ జవాబేంటి అని అడగను. నీ పక్కవాళ్లు ఏమన్నారు అని అడుగుతాను. వినకపోతే దొరికిపోతారు.’

టీచర్లకు నాలుగు మాటలు

* ‘కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటి’ లాంటి ప్రశ్నలకు జత అక్కర్లేదు, పుస్తకం చాలు. రెండు జవాబులకు తావున్న ప్రశ్న, పిల్లలు సాధారణంగా పొరబడే ప్రశ్న ఎంచుకోండి.
* ముందు ఒంటరిగా ఆలోచించి రాసుకోనివ్వండి. ఆ తర్వాతే మాటలు.
* ఎవరు ముందు చెప్పాలో, ఎవరు అడగాలో తేల్చి చెప్పండి. రెండో ప్రశ్నకు వంతు మార్చండి.
* చర్చ జరుగుతున్నప్పుడు బెంచీల మధ్య తిరుగుతూ వినండి. తప్పు వినబడ్డా వెంటనే దిద్దకండి. ఆ తప్పే తర్వాత పాఠానికి మొదలు కావచ్చు.

ఇంట్లో అమ్మానాన్నలకూ ఓ మాట. బడి నుంచి రాగానే ‘ఈరోజు ఏం చెప్పారు?’ అనడం మనకు అలవాటు. ‘ఏం లేదు’ అని బ్యాగు విసిరేయడం వాళ్లకు అలవాటు. ఓసారి ‘నీ పక్కవాళ్లకు నువ్వేం చెప్పావు?’ అని అడిగి చూడండి.

గొయ్యి ఎందుకు పడలేదు?

ఇక ఆ గొయ్యి సంగతి. రెండు నిమిషాలయ్యాక వదిన మూడు చప్పట్లు కొట్టింది. గోల ఆగింది. అక్కడా ఇక్కడా లేపుతూ నా ముందు బెంచీ దాకా వచ్చింది. ‘నీ పక్కవాడు ఏమన్నాడు?’

గోడవైపు వాడు లేచాడు. ‘నేనేమో మట్టి అన్నాను టీచర్. వీడేమో... మట్టిలోంచి వస్తే చెట్టు చుట్టూ గొయ్యి పడాలి కదా అంటున్నాడు’.

క్లాసంతా ఒక్క క్షణం ఆగి, గొల్లుమంది. కిటికీవైపు వాడు తల బల్లకేసి వంచేశాడు. వదిన నవ్వలేదు. ‘దాదాపు నాలుగువందల ఏళ్ల కిందట బ్రస్సెల్స్‌లో హెల్మాంట్ అని ఒకాయన ఉండేవాడు. ఆయనకూ ఇదే అనుమానం వచ్చింది’ అని మొదలెట్టింది. సుమారు 90 కిలోల ఎండిన మట్టిని తొట్టిలో వేసి, రెండు కిలోలు దాటిన ఓ మొక్కను నాటాడాయన. ఐదేళ్లపాటు నీళ్లు తప్ప ఇంకేమీ పోయలేదు. ఆఖరున తూచాడు. చెట్టు 77 కిలోలకు చేరింది. మట్టి తగ్గిందెంతో తెలుసా? అరవై గ్రాములు కూడా లేదు!

నవ్వు ఆగిపోయింది. అయితే నీళ్లేనా? హెల్మాంట్ కూడా అలాగే అనుకున్నాడు. సగమే నిజం. ఎండబెట్టిన కట్టెకూ బరువుంది కదా, అదెక్కడిది? మళ్లీ పక్కవాళ్ల వైపు తిరిగారు పిల్లలు. ఈసారి చెప్పక ముందే. పీరియడు అయ్యేలోపు గాలి దాకా వచ్చారు. గాలిలోని కార్బన్ డయాక్సైడే కట్టెగా మారిందంటే సగంమంది నమ్మలేదు. నమ్మకుండానే ఇంటికెళ్లారు. రాత్రంతా బుర్రలో తిరగడానికి అంతకన్నా ఏం కావాలి!

‘ఆ కిటికీవైపు వాడు జూన్ నుంచి క్లాసులో నోరు విప్పడం ఇదే మొదటిసారి’ అంది వదిన దారిలో. ‘అదీ తన నోటితో కాదు, పక్కవాడి నోటితో. పర్లేదు. రేపు వాడే చెబుతాడు.’

క్లాసు ఖాళీ అయ్యాక వెనక్కి తిరిగి చూశాను. నల్లబల్ల ఎడమవైపు మూలన వదిన రాసిన ప్రశ్న అలాగే ఉంది, ‘గొయ్యి ఎందుకు పడలేదు?’ అని. దాని కింద ఇద్దరు కుర్రాళ్ల పేర్లు.

పక్కన ఇంటూలు లేవు.